కుడి మలుపులున్న ట్రాకు

కారు పందేల మైదానంలో కంచె పక్కన నిలబడి టైరు కాలిన వాసన పీల్చానని మా ఊరి టీకొట్టులో చాలాసార్లు చెప్పాను. నమ్మేవాళ్ళు ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు. నిజానికి నేను విశాఖపట్నం దాటి వెళ్ళింది లేదు. ఆ వాసన మా సెంటర్లో పంక్చర్ల షాపు దగ్గర పీల్చిందే. పందేలన్నీ మా అక్క వాళ్ళ వరండాలో, ఫోన్లో చూసినవే. ఈ ముక్క ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం కాస్త తేలిక.

నాతోపాటు చూసింది మా బావ, అక్క భర్త. చూశాడనడం కూడా పూర్తిగా నిజం కాదు, అక్కడికే వస్తున్నాను.

బావ వయసులో ఉండగా ద్రాక్షారామంలో అంబాసిడర్ టాక్సీ నడిపాడు. తర్వాత చాలా ఏళ్ళు రావులపాలెం నుంచి అరటి గెలల లారీ తోలాడు. ముసలితనంలో తనకోసమని ఒక పాత చిన్న కారు కొనుక్కున్నాడు. నేను కాలవల ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరయ్యాను. ఇద్దరం ఒకే వీధిలో ఉంటాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను ఫోన్ పట్టుకుని వాళ్ళ వరండాలోకి చేరేవాణ్ణి.

లారీ రిపేర్ల వీడియో వెతుకుతుంటే ఒకరోజు ఈ విదేశీ కారు పందేలు తగిలాయి. కార్లు మామూలు కార్లలాగే ఉన్నాయి. పైన టాపు, నాలుగు వైపులా రేకు, మీద రంగులు. "ఇవి కార్లురా. మొన్న చూపించావే, టాపు లేకుండా నేలమీద పాకే తూనీగలు, అవి కార్లా?" అన్నాడు బావ. అందులో అరటిపండు రంగు కారొకటి ఉంది. గెలల లారీ తోలిన చెయ్యి కదా, దాన్ని మన కారు అన్నాడు. ఆ రోజు నుంచి అది మన కారే అయింది. అప్పటికి బావకి కళ్ళు బాగానే ఉన్నాయి.

మసక మొదలైనప్పుడు శుక్లం అనుకున్నాడు. అక్క డాక్టరు దగ్గరికి వెళ్దామంటే వినలేదు. "గెల ముదిరాకే కొయ్యాలి, శుక్లం ముదిరాకే తియ్యాలి. పచ్చిగా ఉండగా కోస్తే రెండూ పనికిరావు" అనేవాడు. మా వైపు శుక్లం సంగతిలో అందరూ ఆ మాటే అంటారు కాబట్టి నేనూ తలూపాను. ముదిరిందాకా ఆగి, కార్తీకంలో రాజమండ్రి తీసుకెళ్తే, అది శుక్లం కాదన్నారు. నీటికాసులట. కంట్లో ఒత్తిడి పెరిగి లోపల నరం ఎండిపోయిందట.

బావకి పక్క గదిలో చుక్కలు వేస్తుండగా డాక్టరుగారు నన్ను పిలిచి చెప్పారు. "పోయిన చూపు రాదండి. చుక్కలు మానకుండా వేస్తే ఎడమ కంట్లో మిగిలిన కాస్త వెలుతురు నిలబడుతుంది. ఆయనకి మీరే నెమ్మదిగా చెప్పండి."

బయటికొచ్చేసరికి బావ బల్లమీద కూర్చుని ఉన్నాడు. చెయ్యి జేబులో ఉంది. ఆ జేబులో కారు తాళం ఉందని నాకు తెలుసు.

"ఏమన్నారు?"

"నరం నిద్రపోయిందంట బావా. మందు పడితే లేస్తుందంట. దాళ్వా కోతలకి మీరు బండి తియ్యొచ్చన్నారు."

డాక్టరుగారు నిద్ర అనలేదు. దాళ్వా అంటే మా వైపు వేసవిలో కోసే రెండో పంట అని ఆయనకి తెలుసో లేదో కూడా నాకు తెలియదు.

ఇంటికొచ్చాక కారు అమ్మేద్దామని అక్క అంటే బావ ఒప్పుకోలేదు. దాళ్వా కోతలకి తనే నడుపుతానన్నాడు. తడుముకుంటూ షెడ్డులోకి వెళ్ళి, టార్పాలిన్ పక్కకి లాగి, ఇంజను కాసేపు ఆడించి వచ్చేవాడు. బ్యాటరీ దిగకుండా అనేవాడు. అక్క పొద్దున్నా సాయంత్రం చుక్కలు వేసేది. ఊరు దాటి మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. "కళ్ళొచ్చాకే వెళ్దాం, ఈలోగా చూడ్డానికేముంది" అనేవాడు.

పందేలు మాత్రం ఆపలేదు. ఆయన వింటాడు, నేను చెబుతాను. ఫోన్లో వ్యాఖ్యానం ఇంగ్లీషులో వస్తుంది. ఆఫీసులో ఇంగ్లీషు ఫైళ్ళు రాసినవాణ్ణి కదా, మాట పొల్లుపోకుండా తెలుగు చేసి చెబుతున్నానని బావతో అన్నాను. వాళ్ళ నోటి వేగానికి నాకు సగం కూడా అర్థమయ్యేది కాదు. మిగతా సగం నేనే అల్లేవాణ్ణి.

అల్లడానికి గుండ్రటి ట్రాకులు బాగా అనువుగా ఉండేవి. ఈ పందేలు ఎక్కువగా వాటిమీదే. అయితే ఏ ట్రాకూ ఇంకోదానిలా ఉండదు. కొన్ని మరీ చిన్నవి, గంగాళంలో తిరిగినట్టుంటుంది, బంపర్లు తగులుతూనే ఉంటాయి. కొన్ని పెద్దవి, మలుపుల దగ్గర నేల పళ్ళెం అంచులా పైకి లేచి ఉంటుంది. కార్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని, కాలు ఎక్సిలేటరు మీంచి ఎత్తకుండా పోతాయి. ఒకటి అరా మట్టివి కూడా ఉన్నాయి. దేనిమీదైనా తిరిగేది ఎడమకే. పెద్ద ట్రాకుల మీదైతే ఇంజన్ల మోత ఒకటే శ్రుతి, తేనెపట్టు దగ్గర చెవి పెట్టినట్టు. ఆ మోతలో ఎవరు ముందో ఎవరు వెనకో చెవికి తెలియదు. నేను చెప్పిందే పందెం.

మన కారు వెనకబడితే బావ ముఖం వాడిపోయేది. అందుకని వెనకబడనివ్వడం మానేశాను. మొదట్లో మూడోవాడు, రెండోవాడు అనేవాణ్ణి. శీతాకాలం గడిచేసరికి వారం విడిచి వారం గెలిపించాను. "మనవాడు అందుకున్నాడురా" అని బావ తొడ చరిచేవాడు. అక్క లోపలినుంచి, "ఎవరో గెలిస్తే మీకేంటండీ, టీ చల్లారిపోతోంది" అనేది.

ఈలోగా మాఘం పోయింది, ఫాల్గుణం పోయింది. చేలు పండాయి. ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి బావ చెవి రోడ్డువైపు పెట్టి ఉన్నాడు.

"కోత మిషను చప్పుడు కదూ?"

"అవును బావా."

"దాళ్వా కోతలొచ్చేశాయి" అన్నాడు. నేను తొందరగా ఫోన్ తీసి, దొరికిన పందెం పెట్టేశాను.

అది గుండ్రటి ట్రాకు కాదని మొదలయ్యాక గాని చూసుకోలేదు. ఏడాదిలో కొన్నిసార్లు ఈ కార్లనే మామూలు రోడ్డులాంటి ట్రాకులమీద తోలిస్తారు. అక్కడ ఎడమ మలుపులుంటాయి, కుడి మలుపులూ ఉంటాయి. ఎక్కడం, దిగడం, వాన పడితే వానలోనే పోవడం. ఎడమకి తిరగడం అలవాటైన కార్లు అక్కడ తడబడతాయి. మలుపు మలుపుకీ బ్రేకు వెయ్యాలి, గేరు మార్చాలి.

"కెమెరా మన కారులోనే పెట్టారు బావా" అన్నాను. అదొక్కటీ నిజం. "మనవాడు ముందున్నాడు. ఇద్దర్ని దాటేశాడు."

బావ తల పక్కకి వంచాడు. చాలాసేపు అలాగే విన్నాడు.

"గేరు పడట్లేదురా."

"ఏంటి బావా?"

"మూడో గేరులో ఇరుక్కుపోయాడు. మలుపులో దించట్లేదు, తిన్నటి రోడ్డులో ఎత్తట్లేదు. బండి ఏడుస్తోంది. పక్కనించి మిగతావి జుయ్యిమని పోతున్నాయి. ఇతను ఇద్దర్ని ఎలా దాటాడు?"

"అది వేరే కారు చప్పుడేమో."

"కెమెరా మన కారులో ఉందని ఇందాక నువ్వేగా అన్నావు."

తెరమీద మన అరటిపండు రంగు కారు రోడ్డు వార కుంటుకుంటూ పోతోంది. నేను ఫోన్ ఆపేశాను.

"ఇప్పటిదాకా గెలిపించావు కదా" అన్నాడు బావ, కోపం లేకుండానే. "అందులో నిజంగా ఎన్ని గెలిచాడు?"

"ఒక్కసారి రెండోవాడిగా వచ్చాడు బావా."

బావ నవ్వాడు. "నీ దుంపతెగ. గెలల లారీకి టైరు పేలితే మా ఓనరుకి కూడా ఇంత అందంగా చెప్పలేదురా నేను." నేనూ నవ్వబోయాను. అప్పుడడిగాడు.

"డాక్టరుగారేమన్నారు?"

అక్క గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఆమె చెయ్యి ఆగింది.

ఇక్కడ నేను ధైర్యంగా చెప్పానని రాస్తే బాగుంటుంది. చెప్పలేదు. ఫోన్ అటూ ఇటూ తిప్పాను. బావే, "పోయింది రాదన్నారా?" అని అడిగాడు. నేను "ఊఁ" అన్నాను. ఆయనకి తలూపితే కనపడదు కదా, నోటితోనే అనాల్సి వచ్చింది. ఎడమ కంట్లో ఉన్న వెలుతురు పోకుండా చుక్కలు మానొద్దన్నారని కూడా చెప్పాను.

కోత మిషను దూరంగా ఆడుతూనే ఉంది. అక్క ఆయనవైపు తిరిగింది.

"మరి పొద్దున్న చుక్కలు వేసినప్పుడల్లా, ఇవాళ కొంచెం వెలుతురు ఎక్కువగా ఉందే అనేవారేంటండీ?"

"నువ్వు శ్రద్ధగా వేస్తున్నావు కదా" అన్నాడు బావ.

అక్క పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. లోపల ఏడుస్తోందేమోనని వెళ్ళి చూశాను. చింతపండు డబ్బాలోకి ఎత్తి మూత పెడుతోంది, మూత మరలో పడటం లేదు. "ఒరే, ఇక ఆయనకి ఏదీ పెంచి చెప్పకు, తగ్గించీ చెప్పకు" అంది. అలాగేనన్నాను.

కొన్నాళ్ళకి బావే కారు అమ్మెయ్యమన్నాడు. రావులపాలెంలో తనతో లారీ తోలిన స్నేహితుడి ఇంట్లోవాళ్ళు తీసుకుంటామన్నారు. వాళ్ళొచ్చి తోలుకుపోతామంటే బావ వద్దన్నాడు. మనమే దింపి వద్దాం, బస్సులో తిరిగొద్దాం అన్నాడు.

డ్రైవింగులో నన్ను మించినవాడు లేడని నేను చాలామందికి చెప్పాను. నాకు నేర్పింది బావ. ఆ రోజు వీధి మలుపులోనే రెండుసార్లు ఇంజను ఆపేశాను. పక్క సీట్లో బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, బెల్టు కట్టుకుని, స్టీరింగు పట్టుకున్నట్టు రెండు చేతులూ ముందుకి చాచి కూర్చున్నాడు.

"క్లచ్ మెల్లగా వదలరా, దానికీ ప్రాణముంది."

కాలవగట్టు ఎక్కాక తనే దారి చెప్పడం మొదలుపెట్టాడు. నేను చూసి తోలుతున్నానని తెలుసు. అయినా చెబుతూ పోయాడు, నేను వింటూ తోలాను. "ఇప్పుడు తూము. మూడో గేరు. ఎడమకి కొద్దిగా. ఇక్కడ గట్టు కుంగి ఉంటుంది, కుడి చక్రం రోడ్డుమీదే ఉంచు. ముందు చర్చి వస్తుంది, ఆదివారమైతే సైకిళ్ళుంటాయి, చూసుకో." ఒక్కటీ తప్పలేదు. చెబుతున్న కొద్దీ ఆయన ముఖం తేటపడింది. ఒంటి బరువు కూడా మలుపుకి ముందే అటు వాలేది. కాసేపు నేను తోలుతున్నానని మరిచిపోయాను.

"కాలవ లాకులొచ్చేశాయి" అన్నాడు. "రెండులోకి దించు. కుడికి బాగా కోసుకోవాలి, ఎదురు లారీ కనపడదు. హారను కొట్టు."

అక్కడ మలుపు లేదు. కిందటి వేసవిలో కాలవకి నీళ్ళు కట్టేసినప్పుడు కొత్త వంతెన వేశారు. రోడ్డు తిన్నగా తీసి మొన్న మాఘంలో తెరిచారు. బావ కుడికి వాలి ఉన్నాడు. హారను కొట్టి ఊరుకుంటే సరిపోయేది. నా నోటికి అంతకంటే సులువైన పని లేదు.

"ఇక్కడ మలుపు తీసేశారు బావా. వంతెన వేశారు. తిన్నగా పోవడమే."

బావ మెల్లగా నిటారుగా కూర్చున్నాడు. "నాకు చెప్పలేదే" అన్నాడు.

జరగనివి ఎన్నో చెప్పాను, జరిగింది ఇదొక్కటీ చెప్పలేదు.

చక్రాల కింద కొత్త రోడ్డు నున్నగా ఉంది, ఎక్కడా కుదుపు లేదు. బావ చాచిన చేతులు తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"సరే. ఇక్కణ్ణించి నువ్వు చెప్పు."

చెప్పాను. కాలవలో నీళ్ళు లేవని, అడుగున బురద నెర్రెలు తీసిందని, కుడి పక్క చేలో గడ్డి కట్టలు కడుతున్నారని, ఎదురుగా ట్రాక్టరు వస్తోందని, ఉన్నది ఉన్నట్టు రావులపాలెం దాకా చెప్పుకుంటూ పోయాను. బావ ఒక్కసారి కూడా నిజమేనా అని అడగలేదు.