పాదం పట్టుకునే డాక్టరుగారు

ఎదుటివాళ్ల మొహం చూడకముందే పాదం చూసే మనిషి ఈ భూప్రపంచంలో ఒక్కరే: రక్తనాళాల డాక్టరుగారు. చూసి ఊరుకుంటారా? చెప్పు విప్పించి, వంగి, పాదం మీద రెండు వేళ్లేసి నాడి పట్టేస్తారు. లిఫ్టు నడిపే ఆయనైనా, బ్యాంకు మేనేజరైనా ఒకటే లెక్క. పెళ్లైన కొత్తలో మామగారు గుమ్మంలో అడుగుపెడితే గభాల్న వంగారట. "అల్లుడికి ఎంత వినయం!" అని పెద్దాయన మురిసిపోతుంటే, "ఆ మేజోడు తీయండి, నాడి అందట్లేదు" అన్నారట.

హెడ్ నర్సుకి పాతికేళ్లుగా జనం చెప్పులు వెతికివ్వడమే సరిపోయింది. తన పాదం మాత్రం చచ్చినా ఇవ్వలేదు. "నా నాడి నాకు తెలుసు, మీరు ముందు ఆ మంచం కింద నుంచి లేవండి!" అనేది.

ఒకరోజు టైలరు వచ్చాడు. తొడలో మూసుకుపోయిన రక్తనాళానికి బదులుగా ఎప్పుడో వేసిన ప్లాస్టిక్ గొట్టానికి చీము పట్టింది. రెండు ఆసుపత్రుల్లో కాలు తీసేయాల్సిందే అన్నారు.

"మిషను తొక్కే కాలు సార్. ఇది పోతే నేను గుండీలు కుట్టడానికే మిగులుతా."

వాసనకి వార్డంతా ముక్కు మూసుకుంటే, డాక్టరుగారు ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకున్నారు. "నాడి సన్నగా ఉందిగానీ మొండిది. గొట్టం పీకేసి, నీ రెండో కాలి సిరతోనే అతుకేద్దాం. ఏమంటావు?"

"సొంతగుడ్డ అతుకే నిలుస్తుంది సార్."

ఆరు గంటల ఆపరేషను. అయ్యాక ఆయన స్టూలు లాక్కుని, దుప్పటి కిందకి చెయ్యి పోనిచ్చి, పాదం పట్టుకుని కూర్చున్నారు. గంట గడిచింది. రెండు గడిచాయి.

"నాడి వినే మిషనుందిగా! వెళ్లి నాలుగు మెతుకులు తినండి," అని నర్సు కసిరింది.

"మిషను నాకు చెబుతుందమ్మా. వీడికెవరు చెబుతారు?"

టైలరు కళ్లు తెరిచాడు. దుప్పటి వైపు చూసే ధైర్యం లేక ఫ్యానునే చూస్తున్నాడు. ఉన్నట్టుండి ఉలిక్కిపడ్డాడు.

"ఎవరది, నా బొటనవేలు గిల్లేది?"

"నేనే. ఉంది కాబట్టేగా గిల్లుతున్నా!"

నొప్పిలోనే టైలరు ఫక్కున నవ్వాడు. నర్సు కాసేపు కిటికీలోంచి ఏదో చూస్తున్నట్టు నిలబడింది. తర్వాత చప్పుడు చేయకుండా బూటు విప్పి, పాదం ముందుకి చాపింది.

డాక్టరుగారు గబగబా లేచి, ఆగి, కిందకి చూసుకున్నారు.

"చూస్తానుగానీ, ముందు నా చెప్పులెక్కడున్నాయో వెతికిపెట్టమ్మా."