అవ్వ చెప్పులు విడిచిన థియేటరు

నగర్తపేట పక్కన మన పాత థియేటరు గుర్తుందా? గోడలు, స్తంభాలు బాగుచేసి ఇప్పుడు అందులో భజనలు పెడుతున్నారు. నిన్న చూద్దామని వెళ్తే గుమ్మంలోనే ఒకాయన ఆపాడు. "లోపల దేవుడుండాడు, చెప్పులు ఈడనే ఇడిసిపెట్టండప్పా."

తొంభైల్లో మా అవ్వ ఏ సినిమాకొచ్చినా సరిగ్గా అక్కడే చెప్పులు విడిచేది. ఫైటింగు సినిమా అయినా అంతే. గేటాయన నవ్వేవాడు. శనక్కాయల పొట్టు, ఒలికిన సోడా తొక్కుకుంటూ సీటు దాకా ఉత్త కాళ్లతోనే నడిచేది.

ఒకసారి ఆ చెప్పులు పోయాయి. మిట్టమధ్యాహ్నం కాలే రోడ్డు మీద ఇంటికి నడుస్తుంటే నాన్న కసిరాడు. అవ్వ మాత్రం, "ఏ బొమ్మలో దేవుడు ఎప్పుడొస్తాడో ఎవరికి తెలుసప్పా?" అంది.

నిన్న చెప్పులు విడిచి లోపలికెళ్లాను. తెర ఉండే చోట దేవుడి పటం.

వచ్చాడవ్వా, కాస్త లేటుగా.