బూజుకు కాపలా కాసిన సెలవు

భర్త మళ్ళీ విమానం ఎక్కకుండా ఆపాలంటే ఏం చేయాలి? కొందరు ఏడుస్తారు. కొందరు అలుగుతారు. గడుసువాళ్ళు పాస్‌పోర్టు తీసి బియ్యం డబ్బాలో దాచేస్తారు. నేను సోయాగింజలకు బూజు పట్టించాను. దాంతో నా కొంప ఎంత చక్కగా మునిగిందో చెబుతాను, తీరిగ్గా కూర్చుని నవ్వుకోండి.

మాది బోధన్ దగ్గర ఒక ఊరు. చుట్టూ చెరకు, వరి, వానాకాలంలో సోయా. మా ఆయన గంగాధర్ మస్కట్‌లో ఒక కంపెనీలో ఏసీలు బాగుచేస్తాడు. రెండేళ్ళకోసారి నెల సెలవు మీద వస్తాడు. ఇంట్లో ఉండేది నేను, బీడీలు చుట్టే మా అత్తమ్మ. మిగతా కాపురమంతా ఫోనులోనే. ఫోను ఎత్తగానే నాది ఒకటే ప్రశ్న.

"తిన్నవా? ఏం తిన్నవ్?"

"టెంపే తిన్న."

"గదేంది?"

"సోయాగింజలతోని చేస్తరు. మా రహ్మత్ నూనెల గోలిస్తడు. మస్తు బలం. దాని ముంగట మటన్ ఎందుకు పనికొస్తది?"

రహ్మత్ అంటే మా ఆయన గదిలోనే ఉండే మనిషి. పేరు విని బోధన్ పిల్లగాడే అనుకున్నాను. కాదట, ఇండోనేషియావాడట. మనకు పప్పు ఎలాగో వాళ్ళకు టెంపే అలాగట. సెలవు దొరికినప్పుడు ఎక్కడో దూరంగా ఉన్న దుకాణానికి పోయి గడ్డకట్టిన ప్యాకెట్లు తెచ్చుకుంటాడట.

మరునాడు అడిగినా టెంపే. పండగపూట అడిగినా టెంపే. కొన్నాళ్ళకు ఆ పేరు వింటే సవతి పేరు విన్నట్టే ఉండేది. నా పచ్చిపులుసును గానీ, నా సర్వపిండిని గానీ ఆయన ఒక్కనాడూ తలచుకోలేదు. అందుకని నేను ఒక గొప్ప సత్యం కనిపెట్టాను. మా ఆయన్ను మస్కట్‌లో పట్టి ఉంచుతున్నది జీతం కాదు, ఆ టెంపే. అదే మా వంటింట్లో దొరికితే ఇక అక్కడ ఆయనకేం పని? ఈసారి సెలవులో ఎలాగైనా ఆయన నోట "ఇగ పోను" అన్న మాట వినాలి. నాకు కావలసింది అదొక్కటే. పక్కన మనిషి లేని ఇంట్లో ఆ మాట కోసం చెవులు కాయలు కాచేలా ఎదురుచూశాను.

ఆయన రావడానికి ముందే నిజామాబాద్ పోయి ఒక పెద్ద కిరాణా దుకాణంలో అడిగాను. దుకాణదారు మొదట మీల్‌మేకర్ తీశాడు. తర్వాత ఫ్రిజ్‌లోంచి సోయా పనీర్ తీశాడు.

"గివి కాదన్నా. టెంపే కావాలె."

"ఎట్లుంటదక్కా?"

"గింజలన్నీ అతుక్కొని ఇటుక లెక్క ఉంటది. మీద తెల్లగ బూజు ఉంటది."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "బూజు పట్టిన మాల్ మా తాన దొర్కదక్కా. ఎదురు దుకాణంల అడుగు. ఆయన తాన అన్నీ గట్లనే ఉంటయ్."

ఎదురు దుకాణానికి పోయి అడిగాను. నిజంగానే అడిగాను. అప్పట్లో నా తెలివి అంతే. అక్కడ ఏమన్నారో మాత్రం ఇక్కడ రాయను.

కొనడం కుదరదని తేలాక ఫోనులో వీడియోలు చూసి చేయడం నేర్చుకున్నాను. చెప్పుకోవడానికి సులువే. సోయాగింజలు నానబెట్టి, పిసికి పొట్టు తీసి, ఉడకబెట్టి, నీళ్ళు వార్చి తడి లేకుండా ఆరబెట్టాలి. కాస్త వెనిగర్ చల్లాలి. పాలకు తోడు పెట్టినట్టే దీనికీ ఒక తోడు ఉంది, పొడి రూపంలో ఉంటుంది, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. అది కలిపి, కొద్దిగా గాలి ఆడేలా చుట్టి, వెచ్చని మూలలో పెడితే ఒకటి రెండు రోజుల్లో తెల్లటి బూజు అల్లుకుని గింజలన్నిటినీ ఒక్క ముద్దగా బిగిస్తుంది. ఇది మంచి బూజు. ముక్కలు కోసి గోలించుకుని తినడమే. వెచ్చదనం సంగతి అసలు అడగకండి, ఎండాకాలంలో మా జిల్లాలో మనుషులకే తోడు పెట్టవచ్చు.

ఆయన వచ్చాడు. బాగా చిక్కిపోయి వచ్చాడు. అంత బలమైన తిండి తినే మనిషి ఇలా చిక్కడమేమిటని నాకు అనుమానం రావాలి కదా? రాలేదు. బ్యాగులు దించిన మరునాడే గింజలు పొయ్యి మీద పెట్టాను.

నేను వేల్పూర్ ఆడపిల్లను. మా పుట్టింట్లో పసుపు పండిస్తారు. మా ఇళ్ళలో ఏ గిన్నె అయినా పసుపు పడకుండా పొయ్యి దిగదు. చేయి దానంతటదే డబ్బాలోకి పోతుంది. శుభమా అని మొదలుపెట్టిన పని, పైగా మొగుణ్ణి నిలుపుకునే పని, తక్కువ చేస్తామా? పుట్టింటి పసుపు రెండు చెంచాలు నిండుగా వేశాను.

ఆయన వాకిట్లోంచి పిలిచాడు. "పద్మా, జర ఇట్ల వచ్చి కూసో. నీతోని ఒక మాట ఉన్నది."

"ఆగు, గింజలు ఆరుతున్నయ్."

రెండు రోజులు కాపలా కాశాను. బూజు జాడ లేదు. గింజలు జిగటగా, పచ్చగా మారి, ముక్కు మూసుకునే కంపు కొట్టాయి. అత్తమ్మ వచ్చి చూసి బుగ్గ మీద వేలు పెట్టుకుంది.

"పసుపేసి బూజు రమ్మంటే ఎట్లస్తదే? బూజు రావద్దనే గదా తొక్కుల పసుపేస్తం!"

సరే, రెండోసారి పసుపు డబ్బాను అటక మీద పెట్టి మరీ చేశాను. ఈసారి బూజు ముచ్చటగా మొదలైంది. కూరగాయలకని బోధన్ పోయి వచ్చేసరికి మూల ఖాళీగా ఉంది.

"అత్తమ్మా, గింజలేవి?"

"నువ్వు సూసుకోనట్టున్నవ్, దొడ్డు బూజు పట్టింది. అదీ నా తునికాకు పక్కనే! ఆకుకు పాకితే కార్ఖానల బీడీలన్నీ నా మొఖాన కొడ్తరు. అందుకనే మంచిగ నల్లా కింద కడిగి మిద్దె మీద ఎండేసిన. ఇగ ఫికర్ లేదు."

"అయ్యో అత్తమ్మా, నాకు బూజే కావాలె!"

అత్తమ్మ చాట పక్కన పెట్టి గట్టిగా కేక వేసింది. "గంగాధరూ, జల్ది రారా! నీ పెండ్లానికి ఎండదెబ్బ తగిలింది. నిమ్మకాయ పిండుకరా!"

ఆయన నవ్వుతూ గ్లాసు తెచ్చి పక్కన కూర్చున్నాడు. "గదంత ఇడ్సిపెట్టు పద్మా. అలీసాగర్ చెరువు కాడికి పోదాం పా. నేను నిన్నొకటి అడగాలె."

"అడుగుదువు గాని, ముందుగాల పొద్దున నానేసిన ఈ కొత్త గింజల పొట్టు తియ్యాలె. నువ్వు గూడ జర పిసుకు."

పాపం, పిసికాడు. ఒకే బేసిన్‌లో నావి రెండు చేతులు, ఆయనవి రెండు చేతులు. పొట్టు తేలుతూ ఉంటే ఆయన వంచి పారబోస్తున్నాడు. ఆ సెలవు మొత్తంలో మేమిద్దరం పక్కపక్కన నెమ్మదిగా కూర్చున్నది అప్పుడే. ఇప్పుడు తలచుకుంటే ఆ మధ్యాహ్నం మళ్ళీ కావాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం నా కళ్ళు పొట్టు మీదే ఉన్నాయి.

మూడోసారికి ఎవరినీ నమ్మలేదు. కవర్లకు చిల్లులు పొడిచే ఓపిక లేక, కాలువ గట్టున ఉన్న టేకు చెట్ల ఆకులు కోసుకొచ్చి వాటిలో చుట్టాను. పక్కనే చాప వేసుకుని కూర్చున్నాను. చుట్టాలు చూడవచ్చి ఆయనతో మాట్లాడి పోతున్నారు, నేను మూలలోంచే పలకరించాను. ఆయన రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, నన్ను చూసి వెనక్కి పోయాడు. టెంపే మాత్రం కుదిరింది. ఆకు విప్పితే ఏకిన పత్తిలా తెల్లగా, గట్టిగా, కమ్మని వాసనతో ఉంది. కాకపోతే ఆ మరునాడే ఆయన ప్రయాణం.

కారం, కరివేపాకు వేసి గోలించి పెట్టాను. ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు.

"ఎట్లున్నది?"

"మంచిగున్నది."

"ఇంకొంచెం ఎయ్యనా?"

"సాలు, సాలు."

"ఇగ ఇంట్లనే దొరుకుతది గదా?" అన్నాను ఆశగా.

"ఆఁ, దొరుకుతది" అని నా ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. "ఇగ పోను" అంటాడని నేను చూశాను. ఆయన అనలేదు. లేచి చేయి కడుక్కున్నాడు.

మిగిలినదంతా ఆవిరి పట్టి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, పేపర్లలో చుట్టి ఆయన బ్యాగులో పెట్టాను. విమానాశ్రయం గేటు దగ్గర ఆయన ఆగి వెనక్కి తిరిగాడు. నేనన్న మాట ఇది: "పోంగనే ఫ్రిజ్‌ల పెట్టు, మర్చిపోకు." పరదేశం పోయే భర్తను ఏ భార్యా ఇంత ఘనంగా సాగనంపి ఉండదు.

రెండు రోజులకు వీడియో కాల్ వచ్చింది. తెర మీద రహ్మత్, చేతిలో పళ్ళెం, కళ్ళ నిండా నీళ్ళు. గల్ఫ్‌లో నేర్చుకున్న హిందీలో మాట్లాడాడు.

"భాభీ, దీంట్లో టేకాకు వాసన ఉంది. మా అమ్మ టేకాకులోనే చుడుతుంది. నేను ఇంటికి పోయి చాలా ఏళ్ళయింది."

నాకు గర్వంతో ఒళ్ళు పొంగింది. "మరి మా ఆయన తిన్నాడా?"

"గంగాధరా? వాడు టెంపే ముట్టడు భాభీ, వాసన పడదంటాడు. రోజూ చవక రొట్టెలో మీరిచ్చిన మామిడికాయ తొక్కు పెట్టుకుని తినేస్తాడు."

వెనక నుంచి "అరే, చుప్!" అని మా ఆయన గొంతు వినిపించింది. ఫోను చేతులు మారింది.

"మరి దినాం టెంపే, టెంపే అని ఎందుకు చెప్పినవ్?"

"రొట్టె, తొక్కు అని చెప్తే నువ్వు ఏడుస్తవని."

"ఇంటికచ్చినంక అన్నా చెప్పొద్దా?"

"ఎట్ల చెప్పాలె? గంత ఇష్టంగ చేస్తున్నవ్. నేనే ఒక మాట అడుగుదామని ఎన్నిసార్లు కూసోమన్న? నువ్వు గింజల కాడినుంచి లేస్తివా?"

"ఏం మాట?"

"బోధన్‌ల ఏసీల దుకాణం పెట్టుకుందమా అని. నువ్వొక్కసారి పోకు అంటే ఉండిపోదామనుకున్న పద్మా. నువ్వు అనలే. పైంగ బ్యాగ్ సదిరి ఇస్తివి."

ఆయన నోట ఒక మాట కోసం నేను, నా నోట ఒక మాట కోసం ఆయన ఒకే ఇంట్లో నెలంతా ఎదురుచూశాం. మధ్యలో బూజు ఒక్కటే వేళకు వచ్చింది. అప్పుడు ఏడ్చాను. రొట్టెకు ఎంత, తొక్కుకు ఎంత, నా తెలివికి ఎంత అని పంచుకోకుండా ఏడ్చాను.

వెంటనే తిరిగి రమ్మనవచ్చు కదా అంటారేమో. అన్నాను. కొత్త కాంట్రాక్టు మీద సంతకం అయిపోయిందట. ఇప్పుడు మా వైపు నుంచి మస్కట్ పోయే ప్రతివాడి చేతికీ రహ్మత్ కోసం ఒక పొట్లం ఇచ్చి పంపుతున్నాను. మా ఆయన కోసం నేర్చుకున్న వంటను మా ఆయన ఒక్కడు తప్ప అందరూ మెచ్చుకుంటున్నారు.

కనుక చదువరులారా, మీ అందరి సాక్షిగా, తూర్పు ముఖంగా నిలబడి ప్రమాణం చేస్తున్నాను. ఈసారి ఆయన సెలవు మీద వచ్చినప్పుడు మా ఇంట్లో ఒక్క సోయాగింజ నానదు. ఆయన కూర్చోమంటే కూర్చుంటాను, పొయ్యి మీద ఏది మాడినా లేవను. ఇక ఆయనకు ఏమిష్టమో, ఏం వండాలో అవన్నీ తర్వాత. విమానాశ్రయంలో ఆయన ఇంకా నా దాకా రాకముందే, జనమంతా తిరిగి చూసినా సరే, గొంతెత్తి ఆ ఒక్క మాట అనేస్తాను: "పోకు."