ఎక్కకుండా కొన్న బండి

నా భార్యకు మోకాళ్ళు అరిగిపోయాయి. సిటీ బస్సు మెట్టు ఎక్కలేదు. ఆమె తమ్ముడి బండి వెనక సీటు ఆమె నడుమంత ఎత్తు. ఆటోలో వెళ్తే ఆ గతుకులకు నడుము పట్టేసి మరునాడంతా మంచం దిగదు. వారమంతా ఆమె ఎదురుచూసేది ఆదివారం చర్చికి వెళ్ళడం కోసమే. ఆ చలికాలంలో మూడు ఆదివారాలు ఇంట్లోనే ఉండి ఆరాధన ఫోన్లో చూసింది. మూడోసారి మధ్యలోనే ఫోన్ కట్టేసి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంది. ఆ రోజు నా డైరీలో ఒక్కటే వాక్యం ఉంది: "సీటు ఎత్తు తక్కువ ఉన్న బండి చూడాలి."

అప్పటికి నాకు అరవై రెండేళ్ళు. బండి నడపడం రాదు. పోర్టులో క్రేన్లను తనిఖీ చేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ముప్పై నాలుగేళ్ళు షిఫ్టు బస్సులో వెళ్ళి షిఫ్టు బస్సులోనే తిరిగొచ్చాను. నా బామ్మర్దికి మా కంచరపాలెంలోనే, రైలు పట్టాల పక్కన మెకానిక్ షాపుంది. ఖాళీ స్థలంలో షాపులోని ఒక చిన్న బండి మీద రెండు నెలలు నాకు నేర్పాడు. లైసెన్సు పరీక్షలో కాలు దించకుండా ఎనిమిది అంకె తిప్పాను.

"బావా, నువ్వు ఎనిమిదేటి, పదహారు కూడా ఏసేత్తావు" అన్నాడు.

ద్వారకా నగర్ షోరూముల్లో టేపు పెట్టి సీట్లు కొలిచాను. సేల్స్‌మన్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పొడుగ్గా, నేలకు దగ్గరగా, వెనక కూర్చునేవాళ్ళకు వీపు ఆనించుకునే దిండుతో ఉండే క్రూయిజర్ ఒక్కటే ఆమె ఎక్కగలిగేది. కొత్తది మా అందుబాటులో లేదు. పాతది వెతకమని బామ్మర్దికి చెప్పాను.

వాడు చూసిన బండి జాలరిపేటలో ఉంది. దాని యజమాని చేపలకు ఐసు అమ్మే మనిషి, యాభై ఏళ్ళుంటాయి. వేడెక్కిన ఇంజను స్టార్టింగు లోపాన్ని దాచేస్తుంది కాబట్టి, మేము వచ్చేదాకా స్టార్టు చెయ్యొద్దని ముందే ఫోన్ చేయించాను. వెళ్ళగానే ఇంజను మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని రూఢి చేసుకున్నాను. సముద్రం పక్కన ఉన్న బండి కదా, ఉప్పు గాలికి ఎక్కడెక్కడ తుప్పు పట్టిందో అద్దంతో కింది నుంచి చూశాను. ట్యాంకుకు లప్పం పెట్టి రంగు వేశారేమోనని అయస్కాంతం ఆనించి చూశాను. చక్రాల పుల్లలను చిన్న స్పానరుతో ఒక్కొక్కటే తట్టి విన్నాను. వెనక చక్రంలో రెండు పుల్లలు వదులై బొంగురుగా పలికాయి, రాసుకున్నాను.

ఐసు మనిషి చాలాసేపు ఓర్చుకున్నాడు. "బాబూ, బండి కొంతన్నావా, పెళ్ళి సంబంధం సూత్తన్నావా?" అన్నాడు చివరికి.

"సంబంధం అయితే ఈపాటికి కాఫీ అయినా ఇచ్చీవోళ్ళు" అన్నాడు నా బామ్మర్ది.

ఆ నవ్వుల మధ్యే వాడు హ్యాండిల్ నా వైపు తిప్పాడు. "బావా, ఓపాలి ఎక్కి కూకో. కాళ్ళ మజ్జిన పట్టి సూడు. అలా సందు సివరి దాకా ఎల్లొచ్చీ."

నేను ఎక్కలేదు.

పోర్టులో ఒక నియమం ఉండేది. అప్పగింత కాగితం మీద సంతకం పడేదాకా, ఎంత చిన్న యంత్రమైనా సరే, దాని మీద ఎవరూ కాలు పెట్టకూడదు. ఆ నియమం చెప్పి పెద్ద పెద్ద అధికారులను క్రేను మెట్ల దగ్గర్నుంచే వెనక్కి పంపినవాణ్ణి. "కాగితాలు నా పేరు మీదికి మారనీ. అప్పుడు ఎక్కుతాను" అన్నాను. నా సంగతి బామ్మర్దికి తెలుసు. వాడే ఎక్కి నడిపి చూశాడు. నేను పక్కన నిలబడి ఇంజను శబ్దం విన్నాను. డైరీలో ఆ బండికి రెండు పేజీలు పట్టాయి. బరువు కూడా రాశాను, నూట డెబ్బై ఐదు కిలోలని. రాసి తర్వాతి గడికి వెళ్ళాను.

కాగితాలు మారాయి. బండి ఇంటికి వచ్చింది. మా ఇల్లు సందు చివర పల్లంలో ఉంటుంది. బామ్మర్ది బండిని వాకిట్లోనే రోడ్డు వైపు తిప్పి పెట్టి వెళ్ళాడు. శనివారం ఉదయం ఒక్కణ్ణే తీశాను. ఎక్కి కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాయి. సంతోషించాను. కుళాయి దగ్గర సందు మలుపు తిరిగి ఎత్తు ఎక్కుతుంది. అక్కడ బిందెలు అడ్డంగా ఉంటే బ్రేకు వేసి ఎడమ కాలు దించాను. బండి కొద్దిగా ఎడమకు వాలింది. పట్టుకున్నాను. ఇంకొంచెం వాలింది. ఒక హద్దు దాటాక దాన్ని ఆపడం నా వల్ల కాలేదు. రెండు చేతులతో పట్టుకునే, మెల్లగా, దానితో పాటే నేల మీదికి దిగిపోయాను.

దెబ్బ తగల్లేదు. ఎత్తబోతే హ్యాండిల్ ఒక్కటే కదిలింది. నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళు నలుగురు బిందెలు దించి వచ్చి లేపారు.

"ఏటి తాతా, బండిని ఇక్కడ పడుకోబెట్టీసినావు? నిద్రొచ్చిందేటి దానికి?" అంది ఒకామె.

నలభై టన్నులు ఎత్తే క్రేనుకు కూడా, చెయ్యి చాచిన కొద్దీ మోయగలిగే బరువు తగ్గుతుందని నేనే కొత్తవాళ్ళకు పాఠం చెప్పేవాణ్ణి. జాలరిపేటలో ఒక్క నిమిషం ఎక్కి కాళ్ళ మధ్య పట్టి ఉంటే నా ఎడమ కాలు ఆ సంగతి చెప్పేది. ఖాళీ బండినే నిలపలేనివాణ్ణి, వెనక ఆమెను ఎక్కించుకుని ఆ మలుపు ఎలా తిరుగుతాను? రెండు వారాలు తెల్లవారుజామునే ప్రయత్నించాను. ఇంకోసారి పడేశాను. ఆ రెండు ఆదివారాలూ ఆమె తెల్ల చీర బీరువాలోనే ఉంది.

మూడో ఆదివారం ఆ చీర కట్టుకుని, బైబిలు సంచిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. "ఏటండీ, ఈ వారమైనా ఎల్దామా?"

నేను బామ్మర్దికి ఫోన్ చేశాను. వాడు వచ్చి, ఒక్క కాలు నేలకు తన్ని బండిని మలుపు దాటించి రోడ్డు మీద ఆపాడు. దిగి తాళం నాకివ్వబోయాడు. వెనక ఆమె నిలబడి ఉంది. తాళం తీసుకోవడానికి నా చెయ్యి లేవలేదు.

"నువ్వే తీసుకెళ్ళు" అన్నాను.

వాడు నా మొహం చూడలేదు. అక్కను అప్ప అనే పిలుస్తాడు. "అప్పా, ఎక్కు" అన్నాడు. ఆమె ఎవరి భుజమూ పట్టుకోకుండా, కాలు పెద్దగా ఎత్తకుండా సీటు మీదికి జరిగి కూర్చుంది. వెనక దిండుకు వీపు ఆనించింది. బండి కదిలింది. నేను ఆటో కోసం నిలబడ్డాను.

నేను వెళ్ళేసరికి మొదటి పాట అయిపోయింది. ఆడవాళ్ళ వైపు ఆమె నిటారుగా కూర్చుని ఉంది. ఆరాధన అయ్యాక గేటు దగ్గర, నడుము ఎలా ఉందని అడిగాను.

"ఏటీ తెలీనేదండీ" అంది. సంచి భుజానికి తగిలించుకుని, "తమ్ముడు మల్లీ వారం కూడా వస్తానన్నాడు" అంది.

బండి ఇప్పుడు బామ్మర్ది షాపులోనే ఉంటుంది. శనివారాలు వెళ్ళి ఉప్పు పట్టకుండా తుడిచి, ఆ రెండు పుల్లలు తట్టి చూసి వస్తాను. ఆమె దాని మీద చర్చికి వెళ్ళిన ఆ మొదటి ఆదివారం సంగతి మర్నాడు పొద్దున డైరీలో రాశాను: "సీటు ఎత్తు ఆమెకు సరిపోయింది." దాని కింద నా సంగతి రాయడానికి ఒక పంక్తి ఖాళీ వదిలాను. అక్కడ ఏం రాయాలో ఇప్పటికీ తెలియలేదు.