సొరంగంలో పాలు పోసిన చవితి

ఈ సంగతి ఇంట్లో ఎన్నిసార్లు ఎత్తినా "మళ్ళీ మొదలెట్టాడ్రా" అని లేచిపోయినవాళ్ళే తప్ప చివరిదాకా విన్నవాళ్ళు లేరు. అందుకే మీకు చెబుతున్నాను. ఆ రోజుల్లో, అంటే డిగ్రీ చేతికొచ్చినా ఉద్యోగం రాని రోజుల్లో, అరకులో మా ఇంటి వసారాలో నేనొక బుల్లి రైలుమార్గం కట్టాను. పాత తలుపు రెక్క మీద పట్టాలు, మధ్యలో కొండ, కొండకు సొరంగం. బ్యాటరీ రైలు మా బావ (అక్క మొగుడు) విశాఖ నుంచి తెచ్చాడు. ఆ ఒక్క ఉపకారంతో మార్గమంతా తనదే అన్నట్టు కుర్చీలో కూర్చుని సలహాలిచ్చేవాడు. "పుట్టమన్నైతే బిగిసి కూకుంటాది" అన్నదీ ఆయనే. గెడ్డ (అదే, వాగు) దాటి వెళ్ళి, పుట్ట దగ్గర మన్ను తవ్వి, బస్తాలతో మోసుకొచ్చింది మాత్రం నేను.

కొండ బాగా కుదిరింది. రైలే ఎక్కలేదు. బొర్రా మీదుగా వచ్చే అసలు రైలు మెలికలు తిరుగుతూ నిదానంగా ఎక్కుతుంది. నేను దారి నిటారుగా పెట్టాను. ఇంజను సగం దాకా వెళ్ళి, కాస్త ఆలోచించి, పెట్టెలతో సహా వెనక్కి జారేది. కొండ కూలగొట్టి, వాలు తగ్గించి మళ్ళీ కడదామన్నాను.

"కట్టిందాన్ని కూలగొట్టడమేటి బామ్మర్దీ? గడ్డి అంటించు, రంగెయ్యి, అయిపోద్ది. బండిని పైనెట్టి కిందికొదిలీ. సూసినోడికి ఎక్కిందో దిగిందో ఏటి తెలుస్తాది?"

"నాకు తెలుస్తాది కదా!"

"నువ్వొక్కడివే కదా. కళ్ళు మూసుకో."

అక్క లోపలినుంచి అందుకుంది: "ఆడికీ దానికీ జోడీ బాగుంది. ఇద్దరూ సగం దాకా ఎల్లి జారిపోతారు." (ఈ మాట నేను మరిచిపోలేదక్కా.) ఆ క్షణం నుంచి ఆ రైలు కొండెక్కడం నా పరువు సమస్య అయింది. తెల్లారగానే కూలగొట్టాలని నిశ్చయించుకున్నాను.

తెల్లారితే నాగులచవితి. రాత్రంతా కురిసిన వానకు గెడ్డ పొంగింది. పెరట్లోంచి పార పట్టుకుని వసారాలోకి వచ్చేసరికి నా కొండ నిండా పసుపు, కుంకుమ, బంతిపూలు. సొరంగం ముందు చలిమిడి. అమ్మ లోపలికి పాలు పోస్తోంది. వెనక ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గ్లాసులతో బారు తీరారు.

"అమ్మా, ఏటి సేత్తన్నావు? అది రైలు సొరంగం!"

"కేకలెయ్యకు. గెడ్డ దాటి పుట్టకాడికి ఎలాగెల్తాం? ఇదీ పుట్టమన్నే, కన్నం కూడా ఉంది."

"లోపల ఇంజనుంది!"

"ఏదుంటే దానికే సెందుతాది నాయనా," అంటూ పక్కింటి పెద్దమ్మ భక్తిగా తన గ్లాసు కూడా వంపింది. పాలు అవతలి కన్నంలోంచి ధారగా బయటికొచ్చాయి. ఆ సొరంగాన్ని ఎక్కడా ఆగకుండా దాటినవి ఆ పాలొక్కటే.

అప్పుడు అమ్మ నా చేతిలో పార చూసింది. "పాలోసిన పుట్టని తవ్వుతావేటిరా? కళ్ళు పోతాయి!" అని పార లాక్కుని, చిటికెడు తడిమన్ను తీసి నా చెవులకు రాసింది. (చెవిపోటు రాదట. ఆ చెవులతో నేను మొదట విన్నది బావ నవ్వు.)

అంతే. కూలగొట్టడానికి లేదు, గడ్డి అంటించబోతే అమ్మ "దేవుడికి గడ్డేటిరా" అంటుంది. ఏటా చవితికి, వాన లేకపోయినా, మా వసారాకే వస్తున్నారు. నాకు ఉద్యోగం వచ్చింది, జుట్టు నెరిసింది, వాలు ఎంత ఉండాలో ఇప్పుడు బాగా తెలుసు. కొత్త కొండ కట్టుకోవచ్చు కదా అంటారు. జారింది ఆ కొండ మీద, ఎక్కాల్సిందీ దాన్నే.

చెవులకు మట్టితో నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. కానీ ఇప్పుడే నవ్వను. ఎండ వీపు మీద పడితే గాని లేవని మా బావ ఆ ఒక్కరోజు నాకంటే ముందే స్నానం చేసి, కుర్చీలో సిద్ధంగా కూర్చున్నాడు. బావా, ఎప్పుడడిగినా కాఫీ తెస్తానని లేచిపోతావు. అందుకే అచ్చులో అడుగుతున్నాను: అమ్మకు ఆ ఆలోచన చెప్పింది నువ్వేనా, కాదా?