కుక్కరు కూతకి ముందే

ఆ ఏడు తుఫానుకి నాగాయలంక అవతల మా అక్క వాళ్ల ఊళ్లోకి నీళ్లొచ్చేశాయి. అక్కా, బావా, వాళ్ల ఐదేళ్ల పిల్లా బడి డాబా ఎక్కి, గాలివానలో తడుస్తూ తెల్లారేదాకా కూర్చున్నారు. మనుషులు దక్కారు గానీ ఇల్లూ వలలూ పోయాయి. మళ్లీ ఇల్లు లేచేవరకూ పిల్లని చిలకలపూడిలో మా దగ్గరుంచారు. నేనప్పుడు బందరులో డిగ్రీ చదువుతున్నాను. అమ్మ పొద్దున్నే చేపల మార్కెట్‌కి వెళ్లిపోయేది కాబట్టి పిల్ల నా పాలబడింది.

అంతకుముందు వేసవి సెలవుల్లో వచ్చి మా వీధంతా ఏలిన పిల్ల! ఇప్పుడు అన్నం పెట్టబోతే గోడ వైపు తిరిగేది. జడ వేయబోతే చెయ్యి కొరికేది. అన్నిటికంటే పెద్ద శత్రువు మా కుక్కరు. ఆ రాత్రి గాలి ఈలలా అది కూత వేసిందంటే చాలు, కెవ్వుమని వీధిలోకి పరుగే. పక్కింట్లో రోల్డుగోల్డు పని చేసే బాబాయిగారు ఒకసారి సందు చివర పట్టుకొచ్చి, "నేను చూడకపోతే మంగినపూడి సముద్రం దాకా చేరేదమ్మా!" అన్నారు.

"మొండితనం ముదిరింది. రెండు తగిలిస్తే దారికొస్తుంది" అంది అమ్మ. ఒకరోజు తగిలించింది కూడా. దారికి రాలేదు సరికదా, మర్నాటికి పక్క తడిపింది. ఆ దుప్పటి ఉతుకుతూ అమ్మ ఏడ్చింది. మళ్లీ చెయ్యెత్తలేదు.

నేనూ ఏదో తెలిసి చేసిందేం లేదు. ఒకరోజు కుక్కరు పొయ్యి మీద పెడుతూ, ఆ అరుపులు వినే ఓపిక లేక ముందే చెప్పేశాను.

"కాసేపట్లో ఇది కూస్తుంది. ఈలోపు మనం బయటికెళ్లిపోదామా?"

"నువ్వు కూడా వస్తావా పిన్నీ?"

"వస్తాను."

"అన్నం మాడిపోతే?"

"మాడితే మాడనీ."

ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. కూత వినగానే నా మెడ కరుచుకుంది. ఆ చిన్న గుండె దడదడ నాకు తెలుస్తూనే ఉంది. వీపు నిమిరాను. కాసేపటికి మెడ వదిలి, "అయిపోయిందా?" అంది.

"ఇంకోటుంది."

రెండోదానికి చెయ్యి మాత్రమే పట్టుకుంది.

ఆ తర్వాత రోజూ ఇదే వరస. మెల్లగా అరుగు మీంచి గుమ్మంలోకి, అక్కణ్ణుంచి వంటింటి తలుపు దాకా జరిగాం. అన్నం తరచూ మాడేది. అమ్మ కిక్కురుమనకుండా తినేది. కొన్నాళ్లకి పిల్లే పెత్తనం తీసుకుంది. పొయ్యి వెలగ్గానే వీధిలో నిలబడి, "మా కుక్కరు కూస్తుందండీ! ఎవరూ భయపడకండి!" అని చాటింపు వేసేది. బాబాయిగారు గొలుసుల పని ఆపి, "చెప్పి మంచిపని చేశావమ్మా" అనేవారు.

అంతా సాఫీగా సాగిందనుకోకండి. ముసురు పట్టిన వారం మళ్లీ గోడకే తిరిగి కూర్చుంది. అప్పుడు మళ్లీ అరుగు మీద మొదలుపెట్టాం.

ఇల్లు లేచాక అక్క వచ్చి తీసుకెళ్లింది. బస్టాండులో నాకే ఏడుపు ఆగలేదు. పిల్ల నా వీపు నిమురుతూ, "కాసేపు ఉంటుంది పిన్నీ, తర్వాత తగ్గిపోతుంది" అంది.

తర్వాతి వానాకాలం అక్క ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది. "మబ్బు పడితే చాలు, వాళ్ల నాన్న పడవ వచ్చేదాకా నా కొంగు వదలట్లేదే."

"అరుస్తోందా?"

"లేదు. 'అమ్మా, నాకు భయమేస్తోంది, కాసేపు పట్టుకో' అని అడుగుతోంది."

"మరి పట్టుకోవే!" అన్నాను.