ముద్దొచ్చిన ఘటసర్పం

సూర్యాపేట బస్టాండులో మిర్యాలగూడ బస్సు కోసం కూర్చున్నాను. పక్కన ఒక కాలేజీ అమ్మాయి ఫోన్లో జపాన్ కార్టూన్ చూస్తోంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకునే మర్యాద ఆమెకు లేదు. గొంతు లోతుల్లోంచి సాగుతూ వచ్చే ఆ గర్జన వినగానే, తెర చూడకుండానే, డ్రాగన్ వచ్చిందని తెలిసిపోయింది. వెంటనే సుగుణ టీచర్ గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళయినా నాకు ఆ సిగ్గు తగ్గలేదు.

టీచర్‌కు హుజూర్‌నగర్ దగ్గర ప్రభుత్వ బడిలో ఉద్యోగం, కాపురం కోదాడలో మా వీధిలోనే. ఆదివారాలు మా చర్చిలో సండే స్కూల్ నడిపేవారు. పిల్లలు లేని ఆమెకు ఆ కాసేపే లోకం. అబద్ధమంటే ఒళ్ళు మంట. బిస్కెట్టు తిని తినలేదన్నవాణ్ణి కొట్టేవారు కాదు, "నీ నోటిని నువ్వే నమ్ముతవారా?" అని అడిగి ఊరుకునేవారు. వాడు దెబ్బలు తిన్నదానికన్నా ఎక్కువ ఏడ్చేవాడు.

నేనప్పుడు ఇంటర్. నోటుబుక్కుల నిండా డ్రాగన్లే. "పాముల్ని గీసుకుంట కూసుంటే మార్కులు పడతయా?" అనేది అమ్మ. టీచర్ ఒక్కరే పేజీలు తిప్పి చూసేవారు.

"దీనికి రెక్కల్లేవు గద, ఎట్ల ఎగురుతదే?"

"జపాన్ డ్రాగన్లల్ల మస్తు వాటికి రెక్కలుండయి టీచర్. మబ్బుల్ల ఈదుతయి. నదుల్ని కాస్తయి, వానలిస్తయి."

"మనకు గూడ ఒకటుంటే మంచిగుండు," అని నవ్వేవారు.

ఆ వేసవి చర్చిలో పెట్టిన సెలవుల తరగతుల ఆఖరి రోజున పిల్లల చేత నాటిక వేయించారు. దేవదూత వచ్చి ఘటసర్పం (తెలుగు బైబిల్లో డ్రాగన్ పేరు అదే) రూపంలో ఉన్న సైతానును ఓడించడం కథ. వెనక కట్టే గుడ్డ మీద ఆ ఘటసర్పాన్ని గీసే పని నాకు అప్పగించారు. "జర భయమయ్యేటట్టు గియ్యి," అన్నారు. భయంకరంగానే మొదలుపెట్టాను. కానీ నా చేతికి వచ్చింది ఒక్కటే రకం: పొడుగాటి మీసాలు, జింక కొమ్ములు, మబ్బుల్లోంచి తొంగిచూసే పెద్ద కళ్ళు. పూర్తయ్యాక మురిసిపోయి, అందరూ ఒక్కసారే చూడాలని దుప్పటి కప్పేశాను. టీచర్ అడిగినా చూపించలేదు.

నాటిక మొదలవగానే దుప్పటి లాగేశాను. చిన్నపిల్లలు "డ్రాగన్! డ్రాగన్!" అంటూ చేతులూపారు. దేవదూత వేషంలో ఉన్న పిల్ల అట్టకత్తితో దాని మీదికి పోగానే ముందు వరుసలో ఒక పాప బోరుమంది. "దాన్ని కొట్టొద్దూ!" ఇంకేం, మిగతావాళ్ళూ అందుకున్నారు. పెద్దవాళ్ళలో సగం మంది నవ్వారు. సంఘపెద్ద మాత్రం లేచి నిలబడ్డాడు.

"సైతాన్ను ఇంత ముద్దుగ గీసిందెవరు? పసిపిల్లలు సైతాను కోసం ఏడుస్తున్నరు, సూడండి!"

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒప్పుకుందామని లేచాను. టీచర్ నా భుజం పట్టి కూర్చోబెట్టి మైకు అందుకున్నారు.

"నేనే గియ్యమన్న. గీస్తుంటే సూసిన, నాకు నచ్చింది. తప్పు నాది."

"టీచర్ చూడలేదండీ!" అని అరిచాను. ఆ గోలలో ఎవరికీ వినబడలేదు. పక్కనే ఉన్న టీచర్‌కు వినబడింది. ఆమె నా వైపు తిరగలేదు.

తర్వాతి ఆదివారం నుంచి సండే స్కూల్ వేరేవాళ్ళకు ఇచ్చారు. టీచర్ వెనక వరుసలో కూర్చునేవారు. పిల్లలు పాడుకుంటూ లోపలి గదికి పోతుంటే తల తిప్పి చూసేవారు. అది చూడలేక నేను బొమ్మలు మానేశాను. ఆ మాట చెబితే ఆమె మనసు కాస్త తేలికపడుతుందనుకుని ఒకరోజు వాళ్ళింటికి వెళ్ళాను. టీచర్ బియ్యం ఏరుతున్నారు.

"ఎందుకు మానేసినవ్?"

"నా వల్ల మీకు..."

"నేను దేవుని మందిరంల నిలబడి అబద్ధమాడిన, పిల్లా," అన్నారు చాట పక్కన పెట్టి. "నువ్వు గియ్యకపోతే అది ఉత్త అబద్ధమే అయితది."

ఇప్పుడు పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీస్తున్నాను. డ్రాగన్లను బాగా గీస్తానని అందరూ అంటారు. అనగానే నా తల దానంతటదే వాలిపోతుంది. వాళ్ళు దాన్ని వినయమనుకుంటారు.